తెర మీద మన పిల్లల కథలు రావాలి

కోనసీమ, ఉభయ గోదావరి జిల్లాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పేరెంట్స్ కమిటీ సభ్యులకు విన్నపం.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. ఆ తర్వాత హైస్కూళ్ల గోడలకు పెద్ద పెద్ద ప్యానెళ్లు బిగించారు. అంతా ప్రజల సొమ్మే. వాటి మీద ఎక్కడో తయారైన పాఠం నడుస్తుంటే పిల్లలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. సినిమా హాల్లో అయితే కనీసం ఈలైనా వేస్తారు! మేమడిగేది ఒక్కటే: ఆ తెర మీదికి పిల్లలు చేసిన కథలు ఎక్కాలి.

డిజిటల్ కథ అంటే భయపడక్కర్లేదు. మూడు నిమిషాల కథ. పిల్లలే రాసుకుని, సొంత గొంతుతో చదివి రికార్డు చేసి, పదో పదిహేనో ఫొటోలూ బొమ్మలూ జతచేస్తారు. 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్ బృందం మామూలు జనానికి నేర్పిన పద్ధతి ఇది. అప్పట్లో కంప్యూటర్లు కావలసివచ్చాయి, ఇప్పుడు ఒక్క ఫోను చాలు.

లంక ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్ల 1986 ఆగస్టు వరద మీద కథ చేస్తోందనుకోండి. ముందు మామ్మ పక్కన చేరుతుంది. నీళ్లు ఎంతదాకా వచ్చాయి, గేదెల్ని ఏటిగట్టుకు ఎవరు తోలారు, బియ్యం ఎక్కడ దాచారు? మామ్మ అటక చూపిస్తుంది, పిల్ల ఫొటో తీసుకుంటుంది. ఇక ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని రాయబోతే సందేహాలు మొదలవుతాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే ఆ హెచ్చరిక ఎగరేస్తారు. అప్పుడు దిగువకు పోయే నీరు ఇంచుమించు 10 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైమాట. గుణించి చూసుకోవాలంటే లెక్కల మాస్టారి దగ్గరికి పరుగెత్తాల్సిందే. తీరా రాసింది నాలుగు పేజీలు తేలుతుంది. బయటికి చదివితే పది నిమిషాలు! ఒక్క పేజీకి కుదించేసరికి ఏ మాట ఉండాలో, ఏది కొట్టేయాలో తెలిసివస్తుంది. రికార్డింగప్పుడు ఫ్యాను కట్టేయాలి, ఒత్తు పలకని చోట మళ్లీ చదవాలి. గైడు చూసి దించిన వ్యాసంతో ఇంత తెలుగు వస్తుందా?

సరుకు మన డెల్టాలో కావలసినంత ఉంది. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అనగానే కాటన్ దొర పేరు చెప్పని పిల్లాడుండడు, ఆయన పక్కన పనిచేసిన వీణెం వీరన్న ఎవరని అడిగితే మాత్రం దిక్కులు చూస్తాడు. కొబ్బరి దింపు తీసేవాళ్లు, లాకుల దగ్గర పనిచేసేవాళ్లు, పంటు నడిపేవాళ్లు చెబితే వినాలేగానీ!

సిలబస్ ఎప్పుడవుతుందంటారు. పదో తరగతి జోలికి వెళ్లొద్దు. 2020 జాతీయ విద్యా విధానమే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పుస్తకాల సంచీ లేని పది రోజులు ఉండాలంది. వాటిలో నాలుగు ఇటు తిప్పినా చాలు. పిల్లల చేతికి ఫోనిస్తే పాడైపోతారన్న భయం న్యాయమైనదే. అందుకే అయిదుగురికి ఒక్క ఫోను, అదీ టీచరు కళ్లముందే. కథ బడి తెర మీదే ఆడాలి. పిల్లల ముఖాలు యూట్యూబులోకీ వాట్సాప్ గ్రూపుల్లోకీ పోకూడదు.

అధికారులకు ఒక మాట. పంతుళ్లకు ఇప్పటికే యాప్‌ల గోల చాలినంత ఉంది. దీన్ని మరో యాప్‌లో అప్‌లోడ్ చేసే పనిగా, జిల్లాస్థాయి బహుమతుల పోటీగా మారిస్తే మొదటి నెలలోనే చచ్చిపోతుంది. శిక్షణ ఒక రోజు ఇచ్చి, ఆపైన వదిలేయండి.

తల్లిదండ్రులారా, వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఓ అరగంట ఈ కథలకు ఇవ్వమని హెడ్మాస్టరు గారిని అడగండి. ఈలోగా తెలుగు మాస్టారూ, సోషల్ టీచరూ కలిసి కూర్చుని తొలి అయిదుగురు పిల్లల్ని ఎంచాలి. ఫస్టు ర్యాంకువాళ్లతో పాటు వెనక బెంచీలో నోరు విప్పనివాళ్లు ఇద్దరైనా అందులో ఉండాలి.