చెవుల్లో హోరు

గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. షటిల్ చప్పుడు చెవినేమీ చెయ్యదు. అలాంటి మూసిన హాల్లో సినిమా పాటల కచేరీ పెడితే సంగతి వేరు. శబ్దం కప్పుకూ గోడలకూ తగిలి మళ్లీ మన మీదికే వస్తుంది. ఇలాంటి చోట్ల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మూడు డెసిబెల్స్ పెరిగితే చాలు, చెవి తట్టుకునే సమయం సగానికి పడిపోతుంది. లోపలి చెవిలోని రోమకణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు.

కనుక పిల్లల్ని స్పీకర్ల పక్కన కూర్చోబెట్టకండి. (ముందు వరుస టిక్కెట్టు గొప్పే, కాదనను!) చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టండి; దూది చాలదు. ఇంటికొచ్చాక చెవి గుయ్‌మంటుంటే నూనె పొయ్యకండి. తెల్లారినా హోరు తగ్గకపోయినా, ఒక చెవి వినబడకపోయినా, ఆ రోజే చెవి డాక్టరుకు చూపించండి. ఆలస్యమైన కొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.