చలనచిత్రములలో కూర్పు – దాని శక్తి, దాని బాధ్యత

తెలుగు చలనచిత్రము ఆరంభము కాగానే తెరపై వరుసగా పేర్లు వస్తాయి. నాయకుని పేరు రాగానే హాలులో ఈలలు వినబడతాయి. వాటి తరువాత ఎక్కడనో "కూర్పు" అనే మాట క్రింద ఒక పేరు వచ్చి, చదివేలోపుననే మాయమవుతుంది. చదువుకున్నవారమని చెప్పుకొనే మేము కూడ చాలకాలము ఆ పేరును పట్టించుకొనలేదు. పట్టించుకొనవలసిన అవసరము ఎట్లు కలిగినదో మనవి చేయుటకే ఈ వ్యాసము.

గత సంవత్సరము మా కళాశాల వక్తృత్వపు పోటీలో ఒక విద్యార్థిని స్త్రీవిద్యను గూర్చి మాట్లాడినది. "ఆడపిల్లకు పై చదువులు అనవసరమని కొందరు అంటారు" అని ఆరంభించి, ఆ వాదమును పది నిమిషములపాటు ఖండించినది. సభ యావత్తు చప్పట్లు కొట్టినది. మరునాటికి ఆ ఉపన్యాసములోని కొన్ని క్షణముల ముక్క చేతి ఫోనులలో తిరుగజొచ్చినది. అందులో "ఆడపిల్లకు పై చదువులు అనవసరము" అన్న మాటలు, వాటి వెంటనే చప్పట్లు మాత్రమే ఉన్నవి. మాట ఆమెదే, చప్పట్లూ నిజమే. నడుమ ఉన్న పది నిమిషములు లేవు. ఆ అమ్మాయి నాలుగు దినములు కళాశాలకు రాలేదు. కత్తెర ఎవరి చేతిలో ఉన్నదో నేటికీ తెలియదు. ఆ కత్తెర చరిత్రను మేము వెదుకుట అప్పటినుండి మొదలైనది.

1895 డిసెంబరు 28న ప్యారిస్ నగరములో లూమియేర్ సోదరులు రుసుము తీసుకొని ప్రజలకు తమ చిత్రములను చూపించినపుడు కూర్పు అనే పనియే లేదు. ఒక్కొక్క చిత్రము సుమారు 17 మీటర్ల ఫిలిము, ఒక నిమిషమునకు లోపే. కెమెరాను ఒకచోట నిలిపి ఎదుట జరిగినదానిని పట్టుకొనుటయే వారు చేసిన పని. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో, మన దేశమున మొదట ప్రదర్శింపబడినవీ అట్టి చిత్రములే.

ముక్కను ముక్కతో అతికినపుడు ఏమి జరుగునో మనుషులు నెమ్మదిగా తెలుసుకొన్నారు. ఫ్రాన్సులో జార్జి మెలియే కెమెరాను ఆపి, వస్తువును మార్చి, తిరిగి నడిపి మాయలు చేసినాడు. 1902లో ఆయన తీసిన చంద్రలోక యాత్రలో రాకెట్టు చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనుట ఒకసారి, అదే రాకెట్టు చంద్రుని నేలపై దిగుట మరొకసారి కనబడుతుంది. ఒక సంఘటనను రెండుమార్లు చూపుట తప్పని నాటికి ఎవరికీ తోచలేదు. ఇంగ్లండులోని బ్రైటన్ ప్రాంతములో జి.ఎ. స్మిత్ 1900లో నాయనమ్మ భూతద్దమును గూర్చి ఒక చిన్న చిత్రము తీసినాడు. బాలుడు అద్దములోనుండి చూస్తాడు. వెంటనే అతడు చూచినది తెరపై పెద్దదిగా కనబడుతుంది. "ఇతడు చూస్తున్నాడు, ఇది చూడబడుతున్నది" అనే సంబంధము అక్కడ కుదిరినది.

అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ 1903లో తీసిన అగ్నిమాపకుల చిత్రము కథ మరీ విచిత్రము. మంటలలో చిక్కిన తల్లీబిడ్డలను రక్షించే దృశ్యములో ఇంటి లోపలి షాట్లు, వెలుపలి షాట్లు మార్చి మార్చి వచ్చే ప్రతి ఒకటి చాల ఏండ్లు ప్రచారములో ఉన్నది. దానిని చూచి, ఈ పద్ధతిని పోర్టరే ఆనాడే కనిపెట్టినాడని చరిత్రకారులు వ్రాసినారు. కాని ఆ కాలమున అమెరికాలో హక్కుల నమోదు కొరకు చిత్రములను కాగితపు చుట్టలపై ముద్రించి దాఖలు చేసెడివారు. అట్లు భద్రపడిన ప్రతిలో ఆ రక్షణ మొదట లోపలినుండి పూర్తిగా, తరువాత వెలుపలినుండి మరల పూర్తిగా కనబడినది. మార్చి మార్చి వచ్చే ప్రతి ఎవరో తరువాతి కాలమున తిరిగి కూర్చినదని 1970వ దశకములో పరిశోధకులు తేల్చినారు. కూర్పు చరిత్రనే ఒక కూర్పు తప్పుదారి పట్టించినదన్న మాట!

పోర్టర్ తరువాత గ్రిఫిత్. 1909లో ఆయన తీసిన ఒక చిత్రములో ఇంటిపై పడిన దొంగలు, లోపల వణికే తల్లీబిడ్డలు, పరుగున వచ్చే తండ్రి, ఈ మూడు చోట్లు మార్చి మార్చి వస్తాయి. ప్రేక్షకుని గుండె కూడ వాటితో పరుగెడుతుంది. అదే సంవత్సరమున గోధుమ వ్యాపారిపై తీసిన చిత్రములో ధనికుని విందును, రొట్టె కొరకు బారులు తీరిన పేదలను ప్రక్కప్రక్కన పెట్టినాడు. వారిరువురు చిత్రములో ఒకరినొకరు చూడనే చూడరు. న్యాయాన్యాయములను చూచినది ప్రేక్షకుడే. ఇంత ఉదాత్తమైన కార్యమును కత్తెర చేయగలదు.

అదే గ్రిఫిత్, అదే నేర్పుతో, 1915లో "బర్త్ ఆఫ్ ఎ నేషన్" తీసినాడు. అందులో నల్లజాతి వారిని దుర్మార్గులుగా చూపినాడు. ఆ ముఖ్యపాత్రలను ధరించినది ముఖమునకు నలుపు పూసుకొన్న తెల్లవారు. ఆపదలోనున్న తెల్ల స్త్రీలను రక్షించుటకు కు క్లక్స్ క్లాన్ ముఠా గుఱ్ఱములపై దౌడు తీసి వస్తుంది. మార్చి మార్చి వచ్చే ఆ షాట్ల వేగములో ప్రేక్షకుడు హంతకుల ముఠా త్వరగా రావాలని కోరుకొంటాడు. నల్లవారి హక్కుల సంఘము ఆ చిత్రమును గట్టిగా ప్రతిఘటించినది. అయినను, అణగియున్న ఆ ముఠా అదే సంవత్సరము చివర జార్జియాలో తిరిగి తల ఎత్తినది.

దీనికి సమాధానము కూడ కత్తెరతోనే వచ్చినది. నల్లజాతి దర్శకుడైన ఆస్కార్ మీషో 1920లో "వితిన్ అవర్ గేట్స్" అనే చిత్రము తీసినాడు. అందులో నిరపరాధులైన దంపతులను మూక ఉరితీయుట, మరొకచోట నల్ల యువతిపై తెల్లవాడు బలాత్కారమునకు పూనుకొనుట మార్చి మార్చి చూపినాడు. గ్రిఫిత్ పద్ధతియే, కాని సత్యము ఈవలి పక్షమున ఉన్నది. ఆ చిత్రము చాలకాలము అలభ్యమై, చివరకు దాని ప్రతి స్పెయినులో దొరికినది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదివే మనకు ఈ రెండు చిత్రముల జంట గొప్ప పాఠము. మన కథను ఇతరులు కూర్చినపుడు వగచి ఊరకొనరాదు, కూర్పు నేర్చుకొనవలెను.

ఫిలిము కరవుతో బాధపడిన రష్యాలో కులెషోవ్ అనే యువకుడు తన శిష్యులతో పాత ముక్కలతోనే ప్రయోగములు చేసినాడు. ఒక నటుని నిర్వికారమైన ముఖమును ఒకసారి సూపు పళ్ళెము ప్రక్కన, ఒకసారి శవపేటికలోని స్త్రీ ప్రక్కన, ఒకసారి ఆడుకొనే పాప ప్రక్కన అతికినారట. ప్రేక్షకులు అతని ఆకలిని, దుఃఖమును, వాత్సల్యమును మెచ్చుకొన్నారట. ముఖము మాత్రము ఒక్కటే. ఆ ఫిలిము నేడు లభ్యము కాదు. అతని శిష్యుడు పుదోవ్‌కిన్ వ్రాసిన దానిని బట్టి ఇది చెప్పుకొంటున్నాము. 1925లో ఐజెన్‌స్టయిన్ తన "పొటెంకిన్"లో నిద్రించు సింహము, మేల్కొన్న సింహము, లేచిన సింహము అనే మూడు రాతి విగ్రహములను వరుసగా అతికి రాతినే గర్జింపజేసినాడు. 1927లో ఎస్ఫిర్ షూబ్ అనే మహిళ జారు చక్రవర్తి కాలపు పాత వార్తాచిత్రములనే ఏరి కూర్చి, ఆ రాచరికము మీద ఒక పూర్తి చిత్రమును నిర్మించినది.

ఇది మనకు అంత క్రొత్త విషయము కాదు. "చక్రపాణి" అనే సమాసములో చక్రమున్నది, చేయి ఉన్నది. అర్థము మాత్రము రెండూ కాక విష్ణువు. ఉర్దూ శాఖలోని మిత్రులకు షేర్ లోని రెండు మిస్రాల నడుమ ఉండవలసిన "రబ్త్" గూర్చి మేము చెప్పనక్కరలేదు. రెండు పంక్తుల నడుమ కవి వ్రాయని మూడవ మాటను శ్రోత వింటాడు. కూర్పరి చేయు పనియూ అదే. అయితే పద్యములో అది కల్పన అని మనకు తెలుసు. తెరపై కదిలే బొమ్మను మాత్రము కంటితో చూచిన సాక్ష్యమని నమ్ముతాము. ప్రమాదమంతయు ఇక్కడనే ఉన్నది.

ఆ రోజులలో కత్తెర, జిగురు పట్టుకొని ఫిలిమును వెలుగుకు ఎత్తి చూచుకొంటూ పనిచేసినవారిలో పేరు పడని స్త్రీలు ఎందరో ఉండేవారు. 1924లో మూవియోలా యంత్రము వచ్చి పని సులువైనది. నేడు ఆ పని ప్రతి విద్యార్థి జేబులో ఉన్నది. పరికరము చేతికి వచ్చినది. దానిని చదివే విద్య మాత్రము పాఠ్యప్రణాళికలో లేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. నెలకొక సాయంత్రము మన సమావేశ మందిరములో ఒక మూకీ చిత్రమును ప్రదర్శించి, దానిపై చర్చ జరిపించండి. సినిమా చదువును చెడగొట్టునని కొందరు పెద్దల భయము. విద్యార్థులు బొమ్మలు చూడకుండ మనము ఆపలేము. కళ్ళు తెరచి చూచుట నేర్పగలము. పైగా మూకీ చిత్రమునకు మాటలు లేవు. ఉర్దూ మాధ్యమము వారు, తెలుగు మాధ్యమము వారు ఒకే బల్లపై కూర్చొని ఒకే భాషలో చదువగల పుస్తకము అంతకంటె మరొకటి మాకు కనబడదు.

విద్యార్థి సోదరీసోదరులకు చెప్పదలచినది ఒక్కటే. ఏ ముక్కను చూచినను దీనికి ముందు ఏమున్నది, వెనుక ఏమున్నది అని అడుగండి. జవాబు దొరకువరకు దానిని మరొకరికి పంపకండి. ఆ నాలుగు దినములు ఈ ప్రశ్నను మాలో ఎవరమూ అడుగలేదు. అందులకు ఆ సోదరికి ఈ పత్రికాముఖముగా క్షమాపణ చెప్పుకొంటున్నాము.