కర్రలు కొనే ముందు నడుం సంగతి చూడండి

మన ఐటీ వాళ్ళకి నలభై దగ్గర పడగానే పట్టుకునే పిచ్చుల్లో గోల్ఫ్ ఒకటి. గోల్కొండ నయా ఖిలాలోనో, గచ్చిబౌలి పక్కన బౌల్డర్ హిల్స్‌లోనో ఒక ఆదివారం ఆడొస్తారు. సోమవారం నుంచి కర్రల రివ్యూలు చదవడం మొదలు! ఆ కర్రల మీద నెల జీతం పోస్తారు గానీ, వాటిని తిప్పే ఒంటి మీద రోజుకి పది నిమిషాలు పెట్టరు. నా గోలంతా ఇదే.

"నడుచుకుంటూ పోయి బంతిని కొట్టే ఆటకి ఫిట్‌నెస్ దేనికండీ?" అంటారు కొందరు. 18 హోల్స్ నడిచి ఆడితే నాలుగైదు గంటలు పడుతుంది, ఆ నడక సంగతి అలా ఉంచండి. స్వింగ్‌లో ఒళ్ళంతా మెలితిరిగి, రెప్పపాటులో విప్పుకోవాలి. నడుం దగ్గరి వెన్నుపూసలు వంగడానికి పనికొస్తాయి గానీ, మెలితిరగడానికి పెద్దగా పనికిరావు. తిరగాల్సినవి తుంటి కీళ్ళు, వీపు పైభాగం. వారమంతా కుర్చీలో కూచునే మనకి సరిగ్గా అవే బిగుసుకుపోతాయి. ఇక భారమంతా నడుం మీదే. రెండు సర్వర్లు పడిపోతే లోడంతా మూడోదాని మీద పడ్డట్టన్నమాట :)

కండలుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. టైగర్ వుడ్స్ అంతటివాడికి 2014లో మొదటి వెన్ను ఆపరేషన్ అయింది. 2017లో వెన్నుపూసల్ని అతికించే ఆపరేషన్ దాకా వెళ్ళింది. 2019లో మళ్ళీ మాస్టర్స్ గెలిచాడనుకోండి, కానీ మధ్యలో పోయిన ఏళ్ళు ఎవరిస్తారు?

మాది హుజూర్‌నగర్. సాగర్ ఎడమ కాలవ కింద వరి పండే ప్రాంతం. ఊళ్ళో ఇదంతా చెబితే "పొలం పని చేసుకుంటే సరి, ఎక్సర్‌సైజు ఎందుకురా" అంటారు. సగం నిజమే. మా పెద్దవాళ్ళు మడమలు లేవకుండా గొంతుక్కూచుని గంటసేపు కబుర్లు చెప్పగలరు. నా ఈడు సాఫ్ట్‌వేర్ వాళ్ళని అలా కూచోమనండి, వెనక్కి పడతారు. కానీ నడుం నొప్పి అంటే ఏంటో నాట్లేసే ఆడవాళ్ళని అడగండి, వాళ్ళు చెబుతారు. రోజంతా ఒకటే వంపు మరి! ప్రాక్టీసు పేరుతో వంద బంతుల్ని ఒకే వైపు తిరిగి కొట్టడమూ అలాంటిదే. ఎంత కష్టపడ్డా చాలదు, ఒళ్ళు అన్ని వైపులకీ కదలాలి.

ఒక చిన్న పరీక్ష. కుర్చీలో నిటారుగా కూచుని, చేతులు గుండెల మీద కట్టుకుని, మోకాళ్ళు కదలకుండా భుజాలు తిప్పండి. రెండు వైపులా 45 డిగ్రీలు రాకపోతే కొత్త డ్రైవర్ కొనడం ఆపి, రోజూ పది నిమిషాలు వీటికివ్వండి: తలుపు పట్టుకుని గొంతుక్కూచోవడం, వక్రాసనం, తుంటి ముందు కండరాలు సాగదీయడం, కాసేపు ప్లాంక్. ఆడేముందు కాళ్ళూ చేతులూ ఊపుతూ ఒళ్ళు వేడెక్కించాలి. కదలకుండా పట్టి ఉంచే సాగదీతలు ఆట అయ్యాకే. అలవాటు లేని చేతివాటంతో కూడా నాలుగు ఖాళీ స్వింగులు వెయ్యండి. నొప్పి కాల్లోకి లాగుతుంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికే.

వీటిలో ఒక్కదానికీ క్లబ్బు మెంబర్‌షిప్ అక్కర్లేదు. డెబ్భై ఏళ్ళు వచ్చినా ఆడుకోగలిగే ఆటలు మనకి ఎన్నున్నాయి చెప్పండి? నలభై ఐదుకే నడుం పోగొట్టుకుని ఆ ఖరీదైన కర్రల్ని అటకెక్కించడం దేనికి? మీరేమంటారు?