సంచి మేత మరిగిన చేపలు

కైకలూరు: సంచి మేత మాని తేలే గుళికల మేత మొదలుపెట్టిన చెరువుల్లో తొలి రోజుల్లో వినవచ్చే ఫిర్యాదు ఒకటే. మేత నీటిమీదే ఉంటోంది, చేప ముట్టడం లేదు. మేత నాసిరకమని కొందరు, చేపకు జబ్బు చేసిందని కొందరు తలా ఒక మందూ కొని తెస్తారు. చాలా చెరువుల్లో జబ్బు లేదు, మేతలో లోపమూ లేదు. మనం నేర్పిన పాఠాన్నే చేప అప్పగిస్తున్నది.

కొల్లేరు చుట్టుపట్ల శీలావతి, బొచ్చె పెంపకంలో ఏళ్లుగా సాగుతున్న పద్ధతి తెలిసిందే. ఖాళీ ఎరువుల సంచుల అడుగున కన్నాలు పెట్టి, నూనె తీసిన తవుడు, చెక్క నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కడతారు. చేప కన్నాన్ని పొడిస్తే తవుడు రాలుతుంది. రాలింది గనుక మళ్లీ పొడుస్తుంది. అది తింటుంటే పక్కది చేరుతుంది. కొద్ది రోజులకే గడ, పడవ అలికిడి, పొద్దుటి వేళ మేతకు గుర్తులైపోతాయి. పడవ కదలకముందే గడల దగ్గర నీరు అల్లాడడం చెరువు కాపలాదారులు ఎరుగనిది కాదు.

చేపకు చెవులూ జ్ఞాపకమూ లేవనేవారికి ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ వాన్ ఫ్రిష్ 1923లోనే జవాబు చెప్పారు. చూపులేని ఒక జెల్ల జాతి చేపకు ఈల వేసి మాంసం ముక్క అందిస్తూ వచ్చారు. కొన్నాళ్లకు ఉత్త ఈలకే అది దాగిన చోటినుంచి బయటికి వచ్చింది. (తేనెటీగల నృత్యాన్ని పరిశోధించి, 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే.)

పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతదే. తినని మేత కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. కాబట్టి ఒక్కరోజులో సంచులు విప్పేయడం చేతులారా తెచ్చుకునే నష్టం. సంచులు క్రమంగా తగ్గిస్తూ, అదే గడల దగ్గర, అదే వేళకు, గుళికలు కొద్దికొద్దిగా వేస్తే పాత గుర్తులే కొత్త మేతకూ పనికివస్తాయి. అన్నట్టు, సంచి పద్ధతిని మోటుదని కొట్టిపారేయనక్కరలేదు. సంచిలో మిగిలిన తవుడే మర్నాటి మేతకు కొలత.

ఒక్క విషయంలో ఈ అలవాటు రైతును మోసగిస్తుంది. వేళకు చేరిన చేపకు ఆకలి ఉందనుకోరాదు. మబ్బు పట్టిన తెల్లవారుజామున చెరువంతా నోళ్లు తెరిచి పైకి తేలే చేప మేత అడగడం లేదు, ఊపిరాడక వచ్చింది. మేతకు వచ్చిన గుంపైతే గడల చుట్టూనే తిరుగుతుంది. ఆ పూట సంచి కట్టకుండా ముందు ఏరేటర్లు ఆడించాలి.