రిలేని చివరికి నెట్టకండి
ఏ జిల్లా ఈత పోటీకి వెళ్లినా ఇదే తంతు: పిల్ల నీళ్లలోంచి తలెత్తి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకునేలోపే, గ్యాలరీలో తండ్రి ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూసి పెదవి విరిచేస్తాడు. పద్నాలుగేళ్లకి పిల్లలు ఈత మానేస్తుంటే అందరూ పదో తరగతిని, తెల్లవారుజాము ప్రాక్టీసుని తిడతారు. నా అనుమానం మాత్రం ఒంటరితనం మీద. క్రికెట్‌లో డకౌటైనవాడు కూడా సాయంత్రం దాకా జట్టుతో కలిసి కేకలేస్తాడు. ఈతలో ముఖం నీళ్లలో, మాట గొంతులో. పైగా పదకొండు, పన్నెండేళ్లప్పుడు ఒళ్లు సాగుతున్నకొద్దీ టైమింగ్ చాలామటుకు దానంతటదే తగ్గుతుంది. ఎదుగుదల నెమ్మదించాక అర సెకను తగ్గించడానికి ఏడాది పట్టినా పట్టొచ్చు. ఆ ఏడాది పిల్లని పొద్దున్నే లేపి కొలనుకి లాక్కొచ్చే శక్తి, నాకు తెలిసి, జట్టుగా ఈదే రిలేకే ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ గెలిచిన ఎనిమిది స్వర్ణాల్లో మూడు రిలేలవే. 4×100 ఫ్రీస్టైల్‌లో ఆయన జట్టు సహచరుడు, 32 ఏళ్ల జేసన్ లెజాక్ ఆఖరి వంద మీటర్లలో ఫ్రాన్స్‌ని అందుకుని 0.08 సెకన్ల తేడాతో గట్టెక్కించకపోతే ఆ లెక్క ఏడు దగ్గరే ఆగేది. మన దగ్గరేమో రిలే అంటే సొంత ఈవెంట్లన్నీ అయ్యాక, సగం మంది ఇళ్లకి సంచులు సర్దుకున్నాక మొక్కుబడిగా పెట్టేది. నా మాట వింటే వారానికో రోజు ప్రాక్టీసంతా రిలేలే పెట్టాలి, వేగంగా ఈదేవాణ్నీ వెనకబడేవాణ్నీ ఒకే జట్టులో వేసి. ఆ గంటసేపూ తల్లిదండ్రుల ఫోన్లు కోచ్ సంచీలో ఉండాలి.