పెట్రోలు పొదుపు - పాదం నేర్వవలసిన పాఠం

ఆర్జించడం ఒక విద్య. ఆర్జించినదానిని వృథా పోనీయకుండ కాపాడుకొనడం అంతకు తక్కువ కాని మరొక విద్య. దీనినే ఉర్దూలో కిఫాయత్ అంటారు, తెలుగులో పొదుపు అంటారు. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొని చదువుకొనే చోట ఈ మాటలకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. అయితే బియ్యంలోను, వంటనూనెలోను, విద్యుద్దీపం విషయంలోను మన ఇండ్లలో పాటించే ఈ సద్గుణం కారు తలుపు వేయగానే మాయమవుతున్నది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. కారు త్రాగే పెట్రోలు తగ్గడానికి కొత్త కారు అక్కరలేదు, కొత్త పరికరం అక్కరలేదు. నడిపేవారి పాదానికి శిక్షణ, టైరులో తగినంత గాలి ఉంటే చాలును. ఆ శిక్షణనిచ్చే బాధ్యతలో కళాశాలలకు కూడ భాగం ఉన్నదని మా అభిప్రాయం.

మన దేశం వాడుకొనే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి వచ్చేదే. ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడ బండి ఆగిపోయే పరిస్థితి మనది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలకు, ఇజ్రాయేలుకు యుద్ధం సంభవించగా, పీపా మూడు డాలర్లున్న చమురు కొద్ది నెలలలోనే సుమారు పన్నెండు డాలర్లకు చేరింది. సంపన్న దేశమైన అమెరికా సైతం 1974 లో రహదారులపై వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అనగా సుమారు 88 కిలోమీటర్లకు, పరిమితం చేయవలసి వచ్చింది. ఆ చట్టం 1995 వరకు ఏదో ఒక రూపంలో నిలిచియున్నది. మన దేశంలో పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ 1978 లో ఏర్పడింది. ఇక 2021 జూన్ లో హైదరాబాదులో లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటినపుడు సామాన్య గృహస్థు ఉలిక్కిపడినాడు. ధరను నిర్ణయించడం మన చేతిలో లేదు. వాడకాన్ని నిర్ణయించడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఇది కేవలం కలవారి సమస్య అని భావించడం సరికాదు. అప్పు చేసి కారు కొని, కిరాయికి నడుపుకొని, సంసారాన్ని ఈదుతున్న కుటుంబాలు ప్రతి పట్టణంలోను ఉన్నవి. అట్టి ఇంటి లెక్క ఒకటి చూడండి. బండి రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతున్నదనుకొందాము. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున రోజుకు 10 లీటర్లు కావలెను. అందులో పదవవంతు మిగిలితే రోజుకొక లీటరు. లెక్క తేలిక కొరకు లీటరు నూరు రూపాయలే అనుకొన్నను, నెలకు 26 దినాల పనికి 2,600 రూపాయలు, సంవత్సరానికి 31,200 రూపాయలు. ఖత్రా ఖత్రా దర్యా అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ ఏమున్నది? ఈ మొత్తం ఒక బిడ్డ చదువును మధ్యలో ఆగిపోనీయకుండ నిలబెట్టగలదు. మా వాదానికి మూలం ఇక్కడ ఉన్నది.

ఇంతకు, కొన్న పెట్రోలు ఎటు పోతున్నది? అందులోని శక్తిలో చక్రాలను చేరేది సుమారు ఐదవవంతు మొదలు మూడవవంతుకు లోపే. తక్కినదంతా రేడియేటరు ద్వారాను, సైలెన్సరు ద్వారాను వేడిగా గాలిలో కలిసిపోతున్నది. అంత కష్టపడి చక్రానికి చేరిన ఆ కొద్ది శక్తిని కూడ మనం బ్రేకు నొక్కి మరల వేడిగా మార్చివేస్తున్నాము. ఎదుట ఎర్రదీపం కనబడుతున్నా యాక్సిలేటరు నొక్కుతూ పోయి, చివరి క్షణంలో బ్రేకు వేసేవారు రోడ్డుపై పెట్రోలు ఒలకబోసినట్లే. ఈ దూకుడు వలన పట్టణపు రద్దీలో 10 నుండి 40 శాతం, రహదారులపై 15 నుండి 30 శాతం వరకు మైలేజీ తగ్గగలదని అమెరికా ఇంధన శాఖ చెప్పుచున్నది. కనుక దూరపు చూపు, మెత్తని పాదం, ఇంజను అరవకముందే పై గేరు - ఈ మూడును మొదటి పాఠం.

రెండవ పాఠం వేగం. గాలి ఎదురొత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికంటె 100 కిలోమీటర్ల వేగంలో అది 56 శాతం ఎక్కువ. కర్నూలు నుండి హైదరాబాదుకు సుమారు 210 కిలోమీటర్లు. దారి పొడవునా 80 కి బదులు 100 వేగంతో పోయినను కాగితంపై మిగిలేది అరగంట మాత్రమే. ఆ అరగంటయు టోలుగేటు వద్దనో, శంషాబాదు దాటిన పిమ్మట నగరపు రద్దీలోనో కరిగిపోవుచున్నది. పెట్రోలు మాత్రం తిరిగి రాదు.

మూడవది టైరు. ఎంత గాలి ఉండవలెనో చాల కార్లలో నడిపేవారి తలుపు ప్రక్కన అంటించిన చీటీపై వ్రాసియుంటుంది. టైరు చల్లగా ఉన్నపుడే దానిని పరీక్షించవలెను. గాలి తగ్గితే పెట్రోలే గాక టైరు కూడ అంచుల వద్ద త్వరగా అరిగిపోతుంది, ప్రమాదానికి దారితీస్తుంది. బంకులలో గాలి ఉచితం. ఉచితంగా దొరికేదానిని విడిచి, డబ్బిచ్చి కొన్నదానిని పారబోయడం వివేకం కాదు. అట్లే డిక్కీలో నెలల తరబడి మోస్తున్న అనవసరపు సామాను దించివేయవలెను. ప్రతి 45 కిలోల అదనపు బరువుకు సుమారు ఒక శాతం పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుందని అంచనా. పాఠశాలల ముందు, పెండ్లి మండపాల ముందు ఇంజను ఆపకుండ ఏ.సి.లో కూర్చొని నిరీక్షించేవారిని నిత్యం చూస్తున్నాము. చిన్న ఇంజను కొంత తక్కువ త్రాగవచ్చు, పెద్ద ఇంజను మరింత త్రాగవచ్చు. ఏదైనను ఆ సమయంలో బండి ఇచ్చే మైలేజీ సున్నయే.

ఈ సందర్భంలో రెండు అపోహలను తొలగించడం అవసరం. పల్లంలో న్యూట్రలులో వదిలితే పెట్రోలు మిగులుతుందని పాత డ్రైవర్లు చెప్పుచుంటారు. కార్బురేటరు కాలపు మాట అది. నేటి ఇంజెక్షను ఇంజను, గేరులో ఉండగా పాదం తీసివేస్తే, పెట్రోలును తనంతట తానే ఆపివేస్తుంది. న్యూట్రలులో పెడితే, ఆగిపోకుండ తిరగడానికి కొంత త్రాగుతూనే ఉంటుంది. పైగా శ్రీశైలం వంటి ఘాటురోడ్లపై ఇంజను పట్టు తప్పి భారమంతా బ్రేకులపై పడుతుంది. ఇది పొదుపు కాదు, ప్రాణంతో చెలగాటం. ఇక రెండవ అపోహ, మైలేజీ పెంచునని అమ్మే అయస్కాంతాలు, బిళ్ళలు, గొట్టాలు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇట్టివాటిని నూరుకు పైగా పరిశీలించి, చెప్పుకోదగిన లాభమిచ్చేది ఏదియు కనబడలేదని ప్రకటించింది.

పెట్రోలులో ఇథనాలు కలుపుతుంటే మన జాగ్రత్త వలన ఏమి ప్రయోజనమని కొందరు అడుగవచ్చు. 2025 లో మన దేశం 20 శాతం మిశ్రమాన్ని చేరుకొన్నది. లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలులో కంటె సుమారు మూడవవంతు తక్కువ. కనుక మైలేజీ కొంత తగ్గడం సహజమే. ఆ తగ్గుదలను పూరించుకొనడానికైనను మంచి అలవాట్లు మరింత అవసరమగుచున్నవి. విద్యుత్ కార్లు వస్తున్నవి గదా అని మరికొందరు అనవచ్చు. రావలసినదే. కాని వాయిదాలు తీరని పెట్రోలు బండిని రేపే మార్చుకొనే శక్తి కిరాయి బండి నడిపేవారికి లేదు. "నా డబ్బు, నా పెట్రోలు" అనేవారికి మా సమాధానం ఒకటే. ఆ చమురుకు దేశం విదేశీ ద్రవ్యం చెల్లిస్తున్నది. కాలిన ప్రతి లీటరు పెట్రోలు నుండి సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. ఆ గాలి అందరిదీ. అన్నింటికంటె గొప్ప పొదుపు అవసరం లేనపుడు బండి తీయకుండుటయే. బస్సులో పోగలిగిన దారికి బస్సే శ్రేయస్కరం.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. మొదటిది, కళాశాల వాహనాలకు ఒక పుస్తకం ఏర్పరచి, ట్యాంకు నింపిన ప్రతిసారి లీటర్లు, కిలోమీటర్లు వ్రాయించవలెను. ఒకసారి ట్యాంకు నిండుగా నింపి, తిరిగి నిండుగా నింపేవరకు నడిచిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తెలుస్తుంది. లెక్క లేనిచోట పొదుపు ఉండదు. రెండవది, వాహనాల షెడ్డులో ఒక గాలి మీటరు ఉంచి నెలకొక దినం నిర్ణయించవలెను. విద్యార్థుల మోటారు సైకిళ్ళకు కూడ ఇది ఉపయోగపడుతుంది. మూడవది, సంవత్సరానికొకసారి భౌతికశాస్త్ర విభాగం, వాణిజ్యశాస్త్ర విభాగం కలిసి ఒక ప్రదర్శన జరపవలెను. ఒకే బండిని, ఒకే దారిలో, ఒకసారి దూకుడుగా, ఒకసారి నెమ్మదిగా నడిపి ఫలితాలను ఉర్దూ, తెలుగు భాషలలో గోడపత్రికగా అచ్చువేయించి, పట్టణంలోని కార్ల స్టాండులో పంచవలెను. కారు కంపెనీవారి పుస్తకాన్ని ఆంగ్లంలో చదువలేని డ్రైవరు అన్నలకు విద్యార్థులు చేయగల సేవ ఇది. దీనికి పెద్ద వ్యయం లేదు, సంకల్పం చాలును.

విద్యార్థి మిత్రులారా! వర్గము, శక్తి, ఘర్షణ అన్న మాటలను మనం పరీక్ష కొరకు వల్లె వేస్తున్నాము. అవే మాటలు ఇంటి ఖర్చులో రూపాయలుగా మారుచున్నవి. చదివినది నలుగురికి అన్నం మిగిల్చినపుడే ఆ చదువుకు సార్థకత. రేపే మీ ఇంటి బండికో, ఇరుగుపొరుగు బండికో లెక్క ప్రారంభించండి. వచ్చే సంవత్సరపు సంచికలో ఈ విషయంపై ఉపన్యాసాలకు మారుగా మీరు కట్టిన లెక్కలు అచ్చు కావలెనని మా ఆకాంక్ష.