పాత బండి బ్రేకుల గురించి సంఘ సభ్యులకు ఒక మాట

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించి విషయం చూడండి.

మనలో కొందరి ఇళ్ళ ముందు నాన్నగారి కాలం నాటి అంబాసిడరో, పద్మినో గుడ్డ కప్పుకొని నిలబడి ఉంది. ఆయుధపూజకు కడిగి, పూలు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఒక చుట్టు తిప్పుతాం. నిమ్మకాయలు దిష్టి తీస్తాయేమో కానీ బ్రేకులు వేయవు.

పోయిన ఆయుధపూజ మర్నాడు మా 1978 అంబాసిడర్ లాల్‌బాగ్ వెస్ట్ గేటు దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉంది. కాలి కింద పెడల్ మెల్లగా దిగిపోసాగింది. ముందు ఆటోలో బడిపిల్లలు. హ్యాండ్‌బ్రేకు లాగి ఎలాగో ఆపాం. ఇంటికి తోయించుకొచ్చి చూస్తే బ్రేక్ ఆయిల్ తగ్గలేదు, నేల మీద చుక్క లేదు. రెండు నెలల ముందే ఒక గ్యారేజీలో మాస్టర్ సిలిండర్‌కు కొత్త కిట్ వేయించాం. లోపలి గోడ తుప్పు తిని గుంటలు పడి ఉంటే, దాని మీదే కొత్త రబ్బరు వాషర్లు ఎక్కించారు. ఆయిల్ బయటికి కారకుండా వాషరు పక్కనుంచి లోపలే వెనక్కి జారిపోయింది.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. బ్రేకు ముట్టుకున్నది లేదు, గార్డులు చెప్పగా విన్నది మాత్రం ఉంది. రైలులో బ్రేకు పైపు తెగితే బ్రేకులు తమంతట తామే పడతాయి. మన పాత కార్లలో అంతా తలకిందులు. నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒక్కచోట పోతే నాలుగూ పోతాయి.

ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది, పద్మిని అంతకన్నా ఎన్నో ఏళ్ళ ముందే పోయింది. అయినా జె.సి. రోడ్డులో వెతికితే పాత సరుకు దొరుకుతుంది. డబ్బాలో కొత్తగానే కనిపిస్తుంది కానీ, లోపలి రబ్బరు ఏళ్ళ తరబడి ఉండి గట్టిపడి ఉంటుంది. ఇనుము వాడుకోండి, రబ్బరు పారేయండి.

మేము చివరికి పాత సిలిండర్‌నే బాగు చేయించాం. ఒక పెద్దాయన లేత్ మీద దాన్ని బోర్ చేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ దిగ్గొట్టి, పాత కొలతకే హోనింగ్ చేశారు. ఆయనది కోయంబత్తూరు వైపు, మా తమిళం అక్కరకొచ్చింది. మాస్టర్ సిలిండర్‌లో సూది దూరేంత రంధ్రం ఒకటుంటుందట. దాని అంచు నున్నగా లేకపోతే కొత్త వాషరు చీరుకుపోతుంది, అది మూసుకుపోతే బ్రేకు పట్టి వదలదు. కొలత కూడా అంతే ముఖ్యం. ముప్పాతిక అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. దగ్గరగా ఉంది కదా అని 20 మిల్లీమీటర్ల వాషరు దూర్చకూడదు.

బండి తిప్పడం లేదు కదా, ఏమవుతుందని కొందరంటారు. నిలబడి ఉన్న బండికే ఎక్కువ ముప్పు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమే లోపల తుప్పు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. రెండేళ్ళకోసారి మార్చండి. ఇంజన్ ఆయిల్ మాత్రం ఒక్క చుక్క కూడా పోయవద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇంత తంటా ఎందుకు, గుజరీకి అమ్మేయమని ఇంకొందరంటారు. అమ్మేది మీ ఇష్టం. ఉంచుకుంటే మాత్రం బ్రేకు సంగతి వాయిదా వేయకూడదన్నది మా అభిప్రాయం. బండి మన జ్ఞాపకమే కావచ్చు, ముందు ఆటోలో కూర్చున్న పిల్లలకు దానితో ఏం పని?

అందుకే సంఘానికి ఒక విన్నపం. పాత మాస్టర్ సిలిండర్లు, వీల్ సిలిండర్లు ఎవరి దగ్గరున్నా పారేయకండి. కొలత, బండి పేరు చీటీ మీద రాసి సంఘం ఆఫీసులో ఒక పెట్టెలో పెడదాం. పని తెలిసిన లేత్ వాళ్ళ చిట్టా కూడా రాసుకుందాం. వాళ్ళకూ వయసవుతోంది. మా వంతుగా రెండు పాత వీల్ సిలిండర్లు ఈ ఆదివారం తెచ్చి ఇస్తాం.